హైటెక్ సిటీలో సీతాకోకచిలుక ఎక్కడ గుడ్డు పెట్టాలి?

పోయిన వేసవిలో ఇంటర్న్‌షిప్ కోసం రెండు నెలలు కొండాపూర్‌లో ఒక పీజీలో ఉన్నాను. మూడో అంతస్తులో గది, గదికో చిన్న బాల్కనీ, బాల్కనీలో ఓనర్ ఆంటీ పెంచుకునే కరివేపాకు కుండీ. ఎదురుగా రెండు అపార్ట్‌మెంట్ల మధ్య మూడు వందల గజాల ఖాళీ ప్లాటు ఉండేది. దాంట్లో జిల్లేడు పొదలు, రెండు తంగేడు చెట్లు, ఒక రేగు కంప, మిగతాదంతా గడ్డి, సిమెంటు పెచ్చులు. పొద్దున బ్రష్ చేసుకుంటూ ఆ ప్లాటు వైపు చూడటం అలవాటైపోయింది. ఎనిమిది దాటి ఎండ కాస్త ముదిరాక జిల్లేడు చుట్టూ నారింజ రంగు సీతాకోకచిలుకలు తిరిగేవి. ఒకరోజు లెక్కపెడితే తొమ్మిది తేలాయి.

జూన్ రెండో వారంలో జేసీబీ వచ్చింది. మధ్యాహ్నానికల్లా ప్లాటు చదునైపోయింది. పక్క బిల్డింగ్ వాచ్‌మన్ అన్నని అడిగితే, "ఖాళీ ప్లాటే కద తమ్మీ, అండ్ల ఏముంటది? సెల్లార్ తవ్వుతరంట" అన్నాడు.

అప్పటికి నాకూ అంతకంటే ఎక్కువ తెలీదు. కానీ ఆ తొమ్మిది ఎటు పోయాయన్న ప్రశ్న మాత్రం వదల్లేదు. దానికోసం చదువుతూ పోతే, చివరికి మన మ్యాథ్స్ క్లాసులో చూసేలాంటి ఒక సమీకరణం దగ్గర ఆగాను. ఖాళీ జాగా అంటే ఏమిటో ఆ సమీకరణం చెప్పింది. అదే ఇక్కడ మీతో పంచుకుంటున్నాను.

క్యాంటీన్ ఉంది, హాస్టల్ లేదు

సీతాకోకచిలుక అనగానే మనకి పూలు గుర్తొస్తాయి. కానీ పూలతో దానికి పని జీవితంలో చివరి భాగంలోనే. గుడ్డు, గొంగళి పురుగు, ప్యూపా, ఆ తర్వాతే రెక్కలు. తినడం, పెరగడం అంతా గొంగళి పురుగు దశలోనే జరిగిపోతుంది. రెక్కలొచ్చాక ఇక పెరగదు. తేనె తాగడం ఎగరడానికి కావలసిన ఇంధనం కోసమే.

గొంగళి పురుగు ఏ ఆకు పడితే ఆ ఆకు తినదు. మొక్కలు తమను తినేవాళ్ల మీద రసాయనాలతో యుద్ధం చేస్తాయి. జిల్లేడు పాలు అలాంటి ఆయుధమే. ఒక్కో జాతి సీతాకోకచిలుక ఒకటో రెండో మొక్కల కుటుంబాల విషాన్ని అరిగించుకునే విద్య నేర్చుకుంది, మిగతా మొక్కల జోలికి వెళ్లదు. అందుకే తల్లి ఆకు మీద వాలి, ముందు కాళ్లతో తట్టి రుచి చూసి, ఇది మా మొక్కే అని తేల్చుకున్నాకే గుడ్డు పెడుతుంది. అలా పిల్లలకు తిండిపెట్టే మొక్కని హోస్ట్ ప్లాంట్ అంటారు. మనం ఆతిథ్య మొక్క అనుకోవచ్చు.

నేను ప్లాటులో చూసిన నారింజ రంగువి ప్లెయిన్ టైగర్లు. వాటి పిల్లలకి జిల్లేడే ఇల్లు, జిల్లేడే తిండి. ఆ పాలలోని విషం పురుగు ఒంట్లోకి, అక్కడి నుంచి రెక్కలొచ్చిన పెద్దదాని ఒంట్లోకి చేరుతుంది. ఒకసారి రుచి చూసిన పిట్ట మళ్లీ ముట్టుకోదు. ఈ పరపతిని వాడుకునే జాతి ఇంకొకటి ఉంది, డానాయిడ్ ఎగ్‌ఫ్లై. దాంట్లో విషం ఏమీ ఉండదు. కానీ ఆడది అచ్చం ప్లెయిన్ టైగర్ వేషంలో తిరుగుతుంది. దాని పిల్లలు తినేది గంగవాయిలి కూర. అవును, పప్పులో వేసుకునే గంగవాయిలి కూరే!

ఇప్పుడు మన టెక్ పార్కుల్లో "బటర్‌ఫ్లై గార్డెన్" అని బోర్డు పెట్టిన మూలలను ఒకసారి గుర్తు తెచ్చుకోండి. రంగురంగుల పూలకుండీలు, కత్తిరించిన లాన్, స్ప్రింక్లర్. పెద్దవాటికి తేనె దొరుకుతుంది, పిల్లలు తినే ఆకు ఒక్కటీ ఉండదు. మన భాషలో చెప్పాలంటే క్యాంటీన్ ఉంది, హాస్టల్ లేదు. ఎవరైనా వచ్చి టీ తాగి వెళ్తారు తప్ప అక్కడ ఉండిపోరు.

వినాయకుడి పత్రి, బతుకమ్మ తంగేడు

ఆతిథ్య మొక్కల జాబితా రాసుకుంటుంటే నాకు ఒక సంగతి తట్టింది. ఇందులో చాలా పేర్లు చిన్నప్పటి నుంచీ విన్నవే. వినాయక చవితి నాడు ఇరవై ఒక్క పత్రి చదువుతాం కదా, ఆ వరస చూడండి.

బిల్వం, అంటే మారేడు. దాని మీద లైమ్ బటర్‌ఫ్లై గుడ్లు పెడుతుంది. నిమ్మ, కరివేపాకు కూడా దానికి ఇష్టమే. అర్క, అంటే జిల్లేడు, ప్లెయిన్ టైగర్‌ది. బదరి, అంటే రేగు. తెల్ల రెక్కల మీద నల్ల చుక్కలున్న బొటనవేలి గోరంత కామన్ పియరో దీని మీదే పెరుగుతుంది. కరవీరం, అంటే గన్నేరు, కామన్ క్రోది. చూతం, అంటే మామిడి, కామన్ బేరన్‌ది. దాడిమి, అంటే దానిమ్మ. ఈ కాయని లోపల్నుంచి తొలిచే పురుగంటే రైతులకి కోపం, కానీ అది కూడా సీతాకోకచిలుక పిల్లే.

బతుకమ్మలో పేర్చే తంగేడు తెలంగాణ రాష్ట్ర పుష్పం. దాని ఆకుల మీద పసుపు తెలుపుల్లో ఉండే ఎమిగ్రెంట్ జాతి పిల్లలు పెరుగుతాయి. రేల చెట్టు కూడా వాటిదే. బీడీ చుట్టే తునికాకు బేరొనెట్ అనే ఎర్రటి సీతాకోకచిలుకది. ఈశ్వరి తీగ, గాడిదగడపాకు ఉన్నచోటే కామన్ రోజ్, క్రిమ్‌సన్ రోజ్ ఉంటాయి. ఆ మొక్కలు లేకపోతే అవీ లేవు. మామిడి కొమ్మల మీద పరాన్నజీవిగా పెరిగే బదనికని మనం కోసి పారేస్తాం. పసుపు, ఎరుపు, నలుపు కలిసి అద్దం మీద బొమ్మలా ఉండే కామన్ జెజెబెల్‌కి ఆ బదనికే ఆధారం.

మన తెలుగులో మొక్కలకి ఇన్ని పేర్లున్నాయి. సీతాకోకచిలుకల దగ్గరికి వచ్చేసరికి అన్నిటికీ కలిపి ఒకటే పేరు. భారతదేశంలో ఉన్న జాతులు 1,300కు పైనే. ఇన్నిటినీ ఇంగ్లీషు పేర్లతోనే పిలవాల్సి వస్తోంది. మన క్లబ్బుకి ఇది మంచి పని అవుతుందేమో! జిల్లేడు చిలుక, రేగు చిలుక, బదనిక చిలుక అని ఆతిథ్య మొక్క పేరుతో పిలిస్తే, పేరులోనే దాని అడ్రసు కూడా ఉంటుంది.

ఈ పనికి పునాది మన దగ్గరే పడింది. విశాఖలోని ఆంధ్రా విశ్వవిద్యాలయంలో సి. సుబ్బారెడ్డి, జె.బి. అట్లూరి, ఎస్.పి. వెంకట రమణ వంటి పరిశోధకులు ఏ జాతి ఏ మొక్క మీద గుడ్డు పెడుతుంది, ఏ దశకి ఎన్ని రోజులు పడుతుంది అన్నది ఓపికగా నమోదు చేశారు. వాళ్లు చూసినవాటిలో టెయిల్డ్ జే ఒకటి. పచ్చ చుక్కలతో, ఒక్క క్షణం నిలకడ లేకుండా ఎగిరే జాతి. సీతాఫలం దాని ఆతిథ్య మొక్క. అపార్ట్‌మెంట్ గోడల వెంట నిటారుగా నాటే, అందరం అశోక చెట్టని పిలిచే నరమామిడి కూడా. అందుకే అది గచ్చిబౌలి గేటెడ్ కమ్యూనిటీల్లోనూ కనిపిస్తుంది. సరైన చెట్టు నాటితే సిటీ మధ్యలో కూడా వస్తాయనడానికి ఇదే సాక్ష్యం.

ముక్కల లెక్క

సరే, ఒక ప్లాటు పోతే ఇంకో ప్లాటు ఉంది కదా, అక్కడికి ఎగిరిపోతాయి కదా? నేనూ ఇలాగే అనుకున్నాను. ఇక్కడే ఆ సమీకరణం వస్తుంది.

1969లో రిచర్డ్ లెవిన్స్ అనే అమెరికన్ శాస్త్రవేత్త పంటల చీడలను ఎలా అదుపు చేయాలన్న ప్రశ్న మీద ఒక వ్యాసం రాశాడు. ఒక జాతి చిన్న చిన్న నివాస ముక్కల్లో బతుకుతోందనుకుందాం. ఏ ముక్కలోనైనా అది ఎప్పుడో ఒకప్పుడు అంతరిస్తుంది. ఒక ఏడాది వాన పడదు, ఒక ఏడాది ఎవరో గడ్డి తగలబెడతారు. ఖాళీ అయిన ముక్కకి పక్క ముక్క నుంచి ఒక ఆడ సీతాకోకచిలుక వచ్చి మళ్లీ గుడ్లు పెడుతుంది. ఆరిపోవడం, మళ్లీ వెలగడం. అన్నీ ఒకేసారి ఆరిపోనంత కాలం జాతి బతికున్నట్టే. ఇలాంటి అల్లికని మెటాపాపులేషన్ అంటారు.

మొత్తం ముక్కల్లో జాతి ఉన్న భాగాన్ని "న" అనుకుందాం, నిండినవి అని. నాశనం కాకుండా మిగిలిన నివాసం "మ". వలస వెళ్లి కొత్త ముక్కని నింపే రేటు "వ". ఉన్నచోట ఖాళీ అయ్యే రేటు "ఖ". కొత్తగా నిండే వేగం వ × న × (మ − న). ఎందుకంటే పంపేవి "న", ఖాళీగా ఉండి స్వీకరించేవి "మ − న". ఖాళీ అయ్యే వేగం ఖ × న. రెండూ సమానమైన చోట సమతౌల్యం వస్తుంది. సాధిస్తే ఒక్క లైను మిగులుతుంది:

న = మ − (ఖ ÷ వ)

ఇంతే. ఇప్పుడు అంకెలు వేద్దాం. ఇవి కేవలం లెక్క కోసం ఊహించుకున్నవి. 100 ముక్కలు ఉన్నాయి, ఖ ÷ వ = 0.3. అన్నీ క్షేమంగా ఉన్నప్పుడు నిండినవి 70, ఖాళీవి 30. ఇప్పుడు 50 ముక్కల మీద బిల్డింగులు కట్టాం. మిగిలిన 50లో 35 నిండి ఉంటాయని ఎవరైనా అనుకుంటారు. లెక్క మాత్రం 20 అంటుంది. ఇంకో 20 ముక్కలు తీసేశాం, 30 మిగిలాయి. వాటిలో నిండినవి ఎన్ని? సున్నా. ముప్పై మంచి ముక్కలు ఉన్నాయి, జిల్లేడు ఉంది, పూలు ఉన్నాయి, సీతాకోకచిలుక లేదు.

ఇంకొకటి గమనించారా? జాతి పూర్తిగా పోవడానికి మొత్తం నివాసం పోనక్కర్లేదు. మొదట్లో ఖాళీగా ఉన్న ముక్కలు ఎన్నో, మిగిలినవి అన్నయ్యే సరికి కథ ముగుస్తుంది. అంటే ఖాళీ ముక్క దండగ ముక్క కాదు. అది వచ్చే ఏడాది నిండబోయే ఇల్లు. "ఇక్కడ సర్వే చేశాం, ఏమీ కనపడలేదు, కట్టుకోవచ్చు" అనే మాటలో ఉన్న పొరపాటు సరిగ్గా ఇదే.

కాగితం మీద లెక్క నేల మీద కూడా నిలిచింది. ఫిన్లాండ్ దగ్గరి ఆలండ్ ద్వీపాల్లో దాదాపు 4,000 చిన్న పచ్చిక ముక్కలు ఉన్నాయి. ఇల్కా హన్‌స్కీ అనే శాస్త్రవేత్త 1990ల నుంచి అక్కడ గ్లాన్‌విల్ ఫ్రిటిలరీ అనే ఒక్క జాతిని పట్టుకుని ఏటా లెక్కించాడు. ఏ ఏడాది చూసినా ఎక్కువ ముక్కలు ఖాళీగానే ఉంటాయి. ఏటా కొన్ని ఆరిపోతాయి, కొన్ని కొత్తగా వెలుగుతాయి. లెవిన్స్ నమూనాలో అన్ని ముక్కలూ ఒకటే సైజు, ఒకటే దూరం. హన్‌స్కీ దానికి వైశాల్యం, దూరం జోడించాడు. పెద్ద ముక్క తొందరగా ఆరిపోదు, దగ్గరి ముక్క తొందరగా నిండుతుంది. అక్కడ శరదృతువులో పురుగుల గూళ్లు లెక్కపెట్టే పనిలో విద్యార్థులు కూడా ఉంటారు. మనలాంటివాళ్లే!

ఎండ పెరిగితే ఏమవుతుంది

సీతాకోకచిలుకకి సొంత ఒంటి వేడి లేదు. ఎగరాలంటే ఎండలో రెక్కలు చాచి కండరాలు వేడెక్కించుకోవాలి. మరీ ఎక్కువైతే నీడలోకి పోవాలి. గుడ్డుకి, ప్యూపాకి ఆ అవకాశం కూడా లేదు, ఉన్నచోటే ఉడకాలి. చుట్టూ గాజు గోడలు, కాంక్రీటు, ఏసీ అవుట్‌డోర్ యూనిట్లు ఉన్న ముక్కలో మే నెల ఎలా ఉంటుందో మనకి చెప్పక్కర్లేదు.

వాన సంగతి ఇంకా సున్నితమైనది. దక్కన్ పొదల్లో చాలా మొక్కలు ఎండాకాలం ఆకు రాల్చి, తొలకరికి లేత చిగురు వేస్తాయి. చిన్న పురుగు తినగలిగేది ఆ లేత ఆకునే. ముందు ఒక అకాల వాన పడి చిగురేసి, తర్వాత మూడు వారాలు ఎండ కాస్తే, పురుగు బయటికొచ్చేసరికి ఆకు ముదిరిపోతుంది. అటు 2020 అక్టోబరు మధ్యలో హైదరాబాద్‌ని ముంచెత్తినట్టు ఒక్క రోజులో కుండపోత పడితే ఆకుల మీద గుడ్లు, పురుగులు కొట్టుకుపోతాయి. మన సమీకరణంలో ఇవన్నీ చేసేది ఒక్కటే: "ఖ"ని పెంచడం.

మళ్లీ అదే 100 ముక్కలు. వాతావరణం వల్ల ఖ ÷ వ 0.3 నుంచి 0.45కి చేరిందనుకుందాం. ముక్కలన్నీ క్షేమంగా ఉంటే నిండినవి 55. దెబ్బే, కానీ తట్టుకోగలిగిన దెబ్బ. వాతావరణం మారకుండా సగం ముక్కలు పోతే 20. అదీ ఎలాగో బతుకు. రెండూ కలిసొస్తే? 0.5 − 0.45. నూటికి అయిదు. విడివిడిగా తట్టుకోగలిగినవి రెండూ కలిసి జాతిని అంచుకి తెస్తాయి. పైగా వడగాలి వస్తే అన్ని ముక్కల మీదకీ ఒకేసారి వస్తుంది. ఒకటి ఆరితే ఇంకొకటి వెలిగించే ఏర్పాటు అప్పుడు పనిచేయదు. అందుకే ముక్కలన్నీ ఒకేలా ఉండకూడదు. ఒకదాంట్లో బండరాళ్ల నీడ, ఒకదాంట్లో చెరువు తేమ, ఒకదాంట్లో గుబురు పొద ఉంటే, ఎక్కడో ఒకచోట కొన్ని మిగులుతాయి.

వేడి పెరిగితే చల్లటి చోటికి వెళ్లిపోవచ్చు కదా అనే ప్రశ్నకి యూరప్ నుంచి ఒక జవాబు ఉంది. 1999లో కామిల్ పార్మెసాన్ బృందం వలస వెళ్లని 35 జాతులను పరిశీలిస్తే, వాటిలో 63 శాతం 20వ శతాబ్దంలో ఉత్తరానికి జరిగాయి. కొన్ని 35 కిలోమీటర్లు, కొన్ని 240 కిలోమీటర్ల దాకా. జరగాలంటే దారిలో మెట్లుండాలి. మనది పీఠభూమి, ఎక్కడానికి దగ్గర్లో పెద్ద కొండ లేదు. వికారాబాద్ అనంతగిరి దాకా పోవాలన్నా ముందు 158 కిలోమీటర్ల చుట్టుకొలతతో ఎనిమిది లేన్ల ఔటర్ రింగ్ రోడ్డు అడ్డం. ఎమిగ్రెంట్లలాంటి గట్టి ఎగిరేవి దాటేస్తాయి. గోరంత రేగు చిలుక సంగతి అలా కాదు, కొన్ని వందల మీటర్లకొక రేగు కంప ఉండాలి దానికి.

అన్నీ ఓడిపోతాయని కూడా చెప్పలేం. టానీ కోస్టర్ అనే నారింజ రంగు జాతి మన రోడ్ల పక్కన మామూలుగా కనిపిస్తుంది. రత్నపురుష లాంటి కలుపు మొక్కలు తిని బతుకుతుంది. అది 1980లలో థాయ్‌లాండ్, 2006లో సింగపూర్, 2012లో ఆస్ట్రేలియాలోని డార్విన్ పరిసరాలకి చేరింది. కలుపు మొక్క తినగలిగినవాళ్లకి మారే ప్రపంచం కూడా చోటిస్తుంది. గాడిదగడపాకు, బదనిక, తునికి తప్ప వేరే తినలేనివాళ్లకే సమస్య.

మన కారిడార్ మ్యాప్

ఇప్పుడు మన వైపు మ్యాప్ తెరవండి. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. అదే ఏడాది కేబీఆర్ పార్కు జాతీయ ఉద్యానవనం అయింది. అక్కడి నుంచి పడమటికి రండి. దుర్గం చెరువు చుట్టూ మిగిలిన రాళ్లు, కొత్తగూడలో బొటానికల్ గార్డెన్, ఆ పక్కన సెంట్రల్ యూనివర్సిటీ, కంచ గచ్చిబౌలి, దక్షిణాన ఖాజాగూడ గుట్టలు, ఇంకా అవతల గండిపేట, చిలుకూరు దగ్గర మృగవని. ఇవి పెద్ద ముక్కలు. వీటి మధ్య మెట్లు ఏమిటంటే హై టెన్షన్ లైన్ల కింది జాగా, నాలా గట్లు, ఎంఎంటీఎస్ పట్టాల పక్క, శ్మశానాలు, కోర్టు కేసుల్లో పడి ఎవరూ కట్టని స్థలాలు, మా పీజీ ఎదురుగా ఉన్నలాంటి ప్లాట్లు.

వీటిలో కంచ గచ్చిబౌలి పేరు దేశమంతా తెలిసింది. సర్వే నంబరు 25లోని 400 ఎకరాలు ప్రభుత్వ భూమి అని, అది అడవి కాదని, ఐటీ అభివృద్ధికి వాడతామని రాష్ట్ర ప్రభుత్వం చెప్పింది. 2025 మార్చి నెలాఖరులో బుల్డోజర్లు దిగాయి, విద్యార్థులు రోడ్డెక్కారు, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేత ఆపమంది. అప్పటికే వంద ఎకరాల దాకా చదునైంది. ఆ వంద ఎకరాలను ఎలా పునరుద్ధరిస్తారో ప్రణాళిక ఇవ్వమని అదే నెలలో కోర్టు అడిగింది.

ఆ రోజుల్లో మనందరి ఫోన్లలో తిరిగిన వీడియోల్లో నెమళ్లు, జింకలు ఉన్నాయి. వాదనంతా అది అడవా, ఖాళీ భూమా అన్నదాని మీద జరిగింది. నాకు మాత్రం కంచ అనే మాట దగ్గరే జవాబు ఉన్నట్టనిపిస్తుంది. కంచ అంటే పశువుల మేత కోసం వదిలిన బీడు. దట్టమైన చెట్లు ఉండవు. గడ్డి, రేగు, తంగేడు, తునికి, ఆదొండ, మధ్యమధ్య బండరాళ్లు. ఫొటో తీస్తే అందంగా కనపడదు, చెట్లు లెక్కపెడితే తక్కువ వస్తాయి. పయనీర్ అనే తెల్ల సీతాకోకచిలుకకి కావలసింది ఆదొండే, కామన్ పియరోకి రేగే. వాటికి అదే అడవి. పైగా అది పెద్ద ముక్క. హన్‌స్కీ లెక్కలో పెద్ద ముక్క చుట్టుపక్కల చిన్న ముక్కలన్నిటికీ విత్తనపు గిడ్డంగి లాంటిది. మా ప్లాటులోని తొమ్మిది బహుశా అలాంటి ఒక చోటు నుంచి వచ్చినవాటి సంతానమే.

పునరుద్ధరణ అంటే ఏమిటన్నది కూడా ఇక్కడే తేలుతుంది. వంద ఎకరాల్లో వరసగా ఏ నర్సరీ మొక్కలో నాటేస్తే పచ్చగా కనపడుతుంది, కానీ అది కంచ అవదు. అక్కడ ఏముండేదో అదే రావాలి. గడ్డితో సహా.

మనం చేయగలిగినవి

వాతావరణాన్ని మన కాలేజీ ఒక్కటీ మార్చలేదు. సమీకరణంలో "ఖ" మన చేతిలో లేదు. కానీ "మ", "వ" రెండూ కొంచెం మన చేతిలో ఉన్నాయి.

ఒకటి, పిచ్చిమొక్కల మూల. క్యాంపస్‌లో ఎవరూ వాడని ఒక పది అడుగుల చోటు చూసి, అక్కడ గడ్డి కోయొద్దని, మందు కొట్టొద్దని ఎస్టేట్ ఆఫీసుని అడుగుదాం. అనుమతి దొరికితే చిన్న బోర్డు కూడా పెడదాం. బోర్డు లేకపోతే వచ్చే సోమవారం మాలి అన్న శుభ్రం చేసేస్తాడు, తప్పు ఆయనది కాదు.

రెండు, నాటేటప్పుడు ఎంపిక. మొక్కలు నాటే కార్యక్రమం ఎలాగూ ఉంటుంది. అందులో రేల, మారేడు, సీతాఫలం, తంగేడు, కంచె మీదికి ఈశ్వరి తీగ అడగండి. పత్రి కోసం సంవత్సరానికోసారి బజారులో వెతుక్కునే మొక్కలే ఇవి.

మూడు, హాస్టల్ బాల్కనీ. కరివేపాకు లేదా నిమ్మ కుండీ ఒకటి చాలు. చిన్నప్పుడు లైమ్ బటర్‌ఫ్లై పురుగు పిట్ట రెట్టలా ఉంటుంది, చూసి చీదరించుకోకండి. పెద్దయ్యాక ఆకుపచ్చగా మారుతుంది. ముట్టుకుంటే తల వెనక నుంచి ఎర్రటి కొమ్ముల్లాంటివి బయటపెట్టి వాసన కొడుతుంది. భయపెట్టడానికే, కుట్టదు.

నాలుగు, లెక్క. ఇది మనకి బాగా సరిపోయే పని. బ్రిటన్‌లో 1976 నుంచి ఒక పద్ధతి నడుస్తోంది. రూపొందించినాయన పేరుతో దాన్ని పొల్లార్డ్ వాక్ అంటారు. ఒకే దారి ఎంచుకోవాలి, వారానికోసారి ఎండ ఉన్న పూట ఒకే వేగంతో నడవాలి, రెండు పక్కలా రెండున్నర మీటర్లు, ముందు అయిదు మీటర్ల లోపల కనిపించినవాటినే లెక్కపెట్టాలి. ఖర్చు లేదు. ఒక్క రోజు అంకెకి విలువ లేదు, మూడేళ్ల అంకెలకి ఉంది. మనం పాసై వెళ్లిపోయినా జూనియర్లు కొనసాగించేలా ఒక షీట్ పెడితే చాలు. పేరు తెలియనిదానికి ఫొటో తీసి ఐనాచురలిస్ట్‌లో పెడితే తెలిసినవాళ్లు చెబుతారు. మన దేశంలో 2020 నుంచి సెప్టెంబరులో బిగ్ బటర్‌ఫ్లై మంత్ జరుపుతున్నారు. తరచుగా వినాయక చవితి కూడా అప్పుడే వస్తుంది కాబట్టి, పత్రి కోసం వెళ్లినప్పుడు ఆకు తిప్పి కింది వైపు కూడా చూడండి.

కరివేపాకు కుండీ సంగతి

ఇక బాల్కనీలో కరివేపాకు కుండీ గురించి చెప్పాలి. జేసీబీ వచ్చిన వారానికే ఒక పొద్దున లైమ్ బటర్‌ఫ్లై మూడో అంతస్తు దాకా ఎగిరొచ్చి లేత ఆకుల మీద ఒక్కొక్కటిగా గుడ్లు పెట్టి వెళ్లింది. పదకొండు లెక్కపెట్టాను. పది రోజుల తర్వాత ఆంటీ తాలింపు కోసం వచ్చి చూసి, "ఏంటి బాబూ, మొక్కకి పురుగు పట్టిందని చెప్పొద్దా? నువ్వు రోజూ ఇక్కడే నిలబడతావుగా!" అన్నారు. అవి ఏమిటో ఫోన్‌లో చూపించాను. కాసేపు చూసి, "సరేలే, అవి పోయేదాకా రోజూ కరివేపాకు నువ్వే కొనుక్కురా" అని షరతు పెట్టారు. కట్ట పది రూపాయలు. మూడు వారాలు తెచ్చాను.

పదకొండులో చీమలు కొన్ని, ఒక పిట్ట కొన్ని తీసుకుపోయాయి. మూడు ఎగిరాయి. మూడోది ఎగిరిన రోజు ఆంటీ కూడా పక్కనే ఉన్నారు. రెక్కలు ఆరేదాకా కుండీ అంచు మీద కూర్చుని, తర్వాత ప్లాటు వైపు దిగింది. అక్కడ అప్పటికి సెల్లార్ గొయ్యి ఉంది. ఒక చుట్టు తిరిగి, అపార్ట్‌మెంట్ల మీదుగా కొత్తగూడ వైపు వెళ్లింది. బొటానికల్ గార్డెన్ అటే ఉంది. చేరిందో లేదో తెలీదు.

మన క్యాంపస్‌లో మొదటి నడక వచ్చే శనివారం పొద్దున తొమ్మిదిన్నరకి, లైబ్రరీ వెనక జిల్లేడు పొద దగ్గర మొదలు. టోపీ, నీళ్ల సీసా తెచ్చుకోండి. పెన్నూ కాగితం నేను తెస్తాను.